కట్లపాము, దొంగ కట్ల, లచ్చవ్వ కనురెప్పలు

పాము కరిచినవాళ్లు ఒంటరిగా రారు, పామును కూడా వెంటబెట్టుకొని వస్తారు. ఈ సంగతి నాకు నర్సింగ్ చదువులో ఎవరూ చెప్పలేదు. పెయింటు డబ్బాలో, టిఫిన్ గిన్నెలో, యూరియా సంచిలో, తువ్వాలలో మూటగట్టి తెచ్చేవాళ్లు. ఒకసారి కొత్త చెప్పుల అట్టపెట్టెలో తెచ్చారు. తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "ఏం పామో సూడు సిస్టర్" అనేవాళ్లు. కాటు పడిన మనిషి వెనక బెంచీ మీద కూర్చొని ఉంటే, వెంట వచ్చిన పదిమందీ ఆ పెట్టె చుట్టే మూగేవాళ్లు.

సిరిసిల్లలో, జగిత్యాలలో, కోరుట్లలో ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి, రిటైరై ఇప్పుడు జగిత్యాలలో ఇంటిపట్టున ఉన్నాను. పేరు సువార్త. మాది బీర్పూర్. అమ్మానాన్నలు కూలికి పోయి నన్ను నర్సింగ్ చదివించారు. మా ఊరి పొలాల్లో పాములు చూస్తూనే పెరిగాను కాబట్టి నాకు భయం తక్కువ. భయం లేకపోవడాన్ని తెలివి అనుకున్నాను చాలాకాలం. ఆ రెండింటికీ ఉన్న తేడా ఎట్లా తెలిసిందో, కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం రాస్తున్నాను. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు ఏ ఫైలు ఆపారు అనేవి ఇందులో ఉండవు. వాటిని నేనే మరిచిపోయాను.

సగం పాము

సిరిసిల్లలో మా పెద్ద డాక్టరు పేరు విఠల్. లావు కళ్లద్దాలు, తక్కువ మాటలు. ఆయన నవ్వగా చూసినవాళ్లు వార్డులో ఎవరూ లేరు. ఆయన గదిలో కిటికీ పక్కన రెండు హార్లిక్స్ సీసాలు ఉండేవి. రెండింట్లోనూ మందునీళ్లలో ఒక్కో పాము. చూడ్డానికి రెండూ ఒకటే, నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలు. మొదటిరోజే నన్ను పిలిచి, "ఈ రెండింట్ల ఒకటి కరిస్తె మనిషి పోతడు, ఒకటి కరిస్తె సబ్బుతోని కడుక్కొని ఇంటికి పోవచ్చు. ఏది ఏదో చెప్పు" అన్నాడు.

నేను చెప్పలేకపోయాను. ఒకటి కట్లపాము. ఇంకొకటి విషం లేనిది. ముందు పళ్లు కాస్త పొడుగ్గా ఉంటాయని ఇంగ్లీషులో దానికి తోడేలు పేరు పెట్టారట. డాక్టర్ విఠల్ మాత్రం దాన్ని 'దొంగ కట్ల' అనేవాడు. కట్లపాము వేషం వేసుకొని అందర్నీ బెదిరించి బతికే దొంగ అని. నేనూ జీవితాంతం అట్లాగే పిలిచాను.

ఆయన చెప్పిన తేడాలు నేను పుస్తకంలో రాసుకున్నాను. కట్లపాముకు పట్టీలు సన్నగా, ఎక్కువగా జంటజంటలుగా ఉంటాయి. తల దగ్గర మొదలవవు. కొంత దూరం నల్లగానే పోయి, తర్వాత మొదలై, తోక దిక్కు పోయినకొద్దీ స్పష్టంగా కనబడతాయి. దొంగ కట్లకు మెడ దగ్గరే మొదలై, తోక దిక్కు పోయినకొద్దీ మాసిపోతాయి. ఈ ఒక్క ముక్క పట్టుకొని నేను పాముల పండితురాలిని అయిపోయాననుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే ఒక మగ్గం కార్మికుణ్ణి తీసుకొచ్చారు. రాత్రి డ్యూటీ చేసి మగ్గాల నడుమనే చాపేసుకొని పండుకున్నాడట. వేలి మీద దోమ కుట్టినంత గాటు, అంతే. వాపు లేదు, నొప్పి లేదు. పామును గుడ్డ ముక్కలో చుట్టి తెచ్చారు. విప్పి చూస్తే తల, దాని వెంట జానెడు ఒళ్లు ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్క పట్టీ కూడా లేదు.

"పట్టీల్లేవు. కట్లపాము కాదు. భయపడకుండ్రి" అన్నాను. వెంట వచ్చినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఒకాయన నాకు దండం కూడా పెట్టాడు.

డాక్టర్ విఠల్ వచ్చి ఆ ముక్కను పట్టకారుతో తిప్పి చూసి, "మిగిలింది ఏది?" అని అడిగాడు.

"తోక దిక్కు రాయితోని కొట్టినం సారు. నుజ్జు నుజ్జయింది. మోరీల పారేసినం" అన్నాడు వెంట వచ్చినాయన.

డాక్టరు భూతద్దం తెప్పించి నా చేతికిచ్చాడు. "వెన్ను మీద నడిమి వరుస చూడు."

చూశాను. పక్కన ఉన్న పొలుసులన్నీ చిన్నవి. వెన్ను మీద సరిగ్గా నడుమ ఒక వరుస మాత్రం పెద్దపెద్దవి, ఒక్కోటి ఆరు మూలలతో, తేనెతుట్టెలో గదుల్లాగా పేర్చినట్టు ఉంది. దొంగ కట్లకు ఆ వరుస ఉండదు. దాని వెన్ను మీదివీ పక్కనివీ ఒకే తీరు. నా చేతిలో ఉన్నది కట్లపామే. తల వైపు పట్టీలు ఉండవని పుస్తకంలో నేనే రాసుకున్నాను. తీరా అది ఎదురొచ్చినప్పుడు ఆ సంగతే మరిచాను.

వెంటనే విషానికి విరుగుడు సూది మందు ఎక్కించారు. మధ్యాహ్నానికి ఆ కార్మికుడి మాట ముద్దముద్దగా వచ్చింది కానీ అక్కడితో ఆగింది. నాలుగు రోజులకు నడుచుకుంటూ ఇంటికి పోయాడు. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సరిగ్గా సహించలేదు.

అతను వెళ్లిపోయాక డాక్టర్ విఠల్ నన్ను తిట్టలేదు. "సగం పామును చూసి పూర్తి మాట చెప్పినవ్ సిస్టర్" అన్నాడు. అంతే అన్నాడు. తిడితే బాగుండు అనిపించింది.

బోర్డు పెట్టిన సూపరింటెండెంట్

తర్వాత జగిత్యాలకు బదిలీ అయింది. అక్కడి సూపరింటెండెంటు మంచి సర్జన్, చేతి నేర్పు అద్భుతం. కానీ పాము మాట వినబడితే ఆ వరండాలోకే వచ్చేవాడు కాదు. ఆయన పేరు రాయను. ఇప్పటికీ ఆయనంటే నాకు గౌరవం ఉంది.

ఒక మధ్యాహ్నం బీర్పూర్ వైపు నుంచి ఇద్దరు రైతులు మూత పెట్టిన ఇత్తడి బిందె పట్టుకొని వచ్చారు. మా ఊరివాళ్లే. నన్ను చూసి, "అగో, మన సువార్త ఈడనే ఉన్నది" అని సంబరపడ్డారు. ఒకాయన కాలికి గాటు పడింది. బిందెలో ఉన్నది రక్తపింజర అని ఇద్దరూ ఒట్టు పెట్టి చెబుతున్నారు.

"సచ్చిందా?" అని అడిగాను.

"పాణంతోనే పట్టుకచ్చినం. నువ్వు మంచిగ సూస్తవని."

బిందె కింద పెడుతుంటే మూత జారింది. పాము బయటికి వచ్చి, తెరిచి ఉన్న తలుపులోంచి నేరుగా సూపరింటెండెంటు గారి గదిలోకి పోయింది. అంతపెద్ద ఆసుపత్రిలో దానికి ఆ గదే దొరికింది. లోపలి నుంచి ఒక కుర్చీ పడిన చప్పుడు, "సిస్టర్!" అని కేక వినబడ్డాయి. నేను వెళ్లేసరికి సారు టేబుల్ మీద నిలబడి ఉన్నాడు.

పాము బీరువా పక్కన ముడుచుకొని ఉంది. నాలుగడుగుల దూరం నుంచే తీరిగ్గా చూశాను. రక్తపింజరకు వీపు మీద, రెండు పక్కలా గొలుసు కడియాల్లాంటి గుండ్రటి మచ్చలు మూడు వరుసలుగా, గీసినట్టు ఉంటాయి. తల మీద అన్నీ సన్నటి గరుకు పొలుసులే. కోపమొస్తే కుక్కరు ఆవిరి వదిలినట్టు బుసకొడుతుంది. దీనికి మచ్చలు పెద్దవి, ఒకదానికొకటి పోలిక లేనివి, సిరా ఒలికినట్టు ఉన్నాయి. తల మీద బాణం ములుకు లాంటి గుర్తు ఉంది. ముట్టె మీద పొలుసులు పెద్దవి. బుస లేదు, ఏమీ లేదు, పాపం అదే భయపడుతోంది.

"సార్, ఇది కొండచిలువ పిల్ల. విషం లేదు. మీరు దిగొచ్చు."

"పిల్లా?" అన్నాడు సారు. "మరి తల్లి ఎక్కడుంది?"

ఆ మాటకు వరండాలో ఉన్న రోగులు కూడా నవ్వారు. చివరికి సారు కూడా నవ్వాడు, టేబుల్ మీది నుంచే. అటవీ శాఖవాళ్లు వచ్చి దాన్ని తీసుకుపోయారు. మా ఊరాయన కాలి గాటు కడిగి, ఒకరోజు ఉంచి పంపించాం.

మర్నాడు గేటు దగ్గర బోర్డు లేచింది: 'పాములను లోపలికి తేరాదు'. మేమంతా ఆ బోర్డు చూసి చాటుగా నవ్వుకున్నాం. తర్వాత తెలిసివచ్చింది, సారు భయంతో పెట్టినా బోర్డు సరైనదే. పామును పట్టబోయి రెండో కాటు తిన్నవాళ్లను, ఇంట్లో ఇంకొకరికి కాటు పడేలా చేసినవాళ్లను నేను ఎంతమందినో చూశాను. తల నరికిన పాము కూడా కొంతసేపు కరవగలదు. మీ దగ్గరికి తెస్తే చూడండి, తెమ్మని మాత్రం ఎవరికీ చెప్పకండి.

గడియారాల ఖాజా భాయ్

కోరుట్లకు వచ్చేసరికి నాకు 'పాముల సిస్టర్' అని పేరు పడిపోయింది. ఆసుపత్రి దారిలో ఖాజా భాయ్ గడియారాల రిపేరు దుకాణం ఉండేది. చేతి గడియారం బాగుచేయించుకోవడానికి పోయి, ఆయన కంటికి బిగించుకునే అద్దం చూశాను. అడిగితే వెంటనే తీసి ఇచ్చాడు.

"దేనికమ్మా సిస్టర్?"

"పాము పొలుసులు చూడనీకి."

ఆయన చెయ్యి వెనక్కి పోయింది. "అల్లా! సచ్చిన పామే గదా?"

"సచ్చినదే."

"అయితే తీస్కోండ్రి. తెచ్చి ఇచ్చేటప్పుడు సబ్బుతోని కడిగి ఇయ్యుండ్రి. ఉత్త సబ్బు కాదు, డెటాల్ సబ్బు."

ఆ అద్దంతోనే తోక కింద చూడటం అలవాటు చేసుకున్నాను. కట్లపాముకు తోక అడుగున పొలుసులు ఒకే వరుసగా, నిచ్చెన మెట్లలాగా ఉంటాయి. దొంగ కట్లకు ప్రతి మెట్టూ నడుమ చీలి రెండుగా ఉంటుంది. తల నలిగిపోయినా, పట్టీలు చెరిగిపోయినా తోక మిగిలితే చాలు. అయితే ఇదంతా చచ్చిన పాము సంగతి. బతికిన పాము తోకను ఎత్తి చూడాలనే ఆలోచన ఎవరికైనా వస్తే, వాళ్లు ముందు పెళ్లాం పిల్లలను తలుచుకోవాలి.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతోంది. సకల జనుల సమ్మె మొదలయ్యాక బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. మేము నల్ల బ్యాడ్జీలు పెట్టుకొని అత్యవసర పనులు మాత్రం చేసేవాళ్లం. ఆసుపత్రి ఎదుట శిబిరం వేశారు. ఖాజా భాయ్ దుకాణానికి తాళం వేసి రోజంతా అందులోనే కూర్చునేవాడు. గొంతు పెద్దది కాబట్టి మైకు ఆయనకే ఇచ్చారు.

ఒకనాడు శిబిరం దగ్గర వంటావార్పు జరుగుతుంటే, పొయ్యిలోకి తెచ్చిన కట్టెల మోపులోంచి ఆరడుగుల పాము బయటికి పాకింది. "నాగుంబాము!" అని ఎవరో అరిచారు. రోడ్డు క్షణంలో ఖాళీ అయింది. ఖాజా భాయ్ కుర్చీ ఎక్కాడు, మైకు మాత్రం వదల్లేదు. "సిస్టర్ సువార్తమ్మ ఎక్కడున్నా జల్ది రావాలె! జై తెలంగాణ!" అని ఊరంతా వినబడేలా పిలిచాడు.

పరుగున పోయి చూశాను. పెద్ద గుండ్రటి కళ్లు, పెదాల మీద నల్లటి నిలువు గీతలు, ఎంత రెచ్చగొట్టినా పడగ లేదు. జెర్రిపోతు. ఎలుకలను తిని రైతును బతికించే పాము. "ఇది మన పార్టీదే, పోనియ్యుండ్రి" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు పప్పు మాడిపోయింది. అయినా అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

ముత్యంపేట నుంచి వచ్చిన ఆటో

ఆ సమ్మె రోజుల్లోనే ఒక ఉదయం, ఏడు దాటిన వేళకు, జెండా కట్టిన ఆటో ఒకటి వచ్చింది. ముత్యంపేట నుంచి. అందులో లచ్చవ్వ అనే బీడీలు చేసే ఆమె, ఆమె భర్త మల్లేశం ఉన్నారు. మల్లేశం చెరుకు కొట్టే కూలీ. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా.

"బీడీల ఆకు మూట పక్కన కింద పండుకున్నది సిస్టర్. తెల్లారంగ లేసి సెయ్యికేదో సురుక్కుమన్నదన్నది. దీపమేసి సూస్తే గోడ మూలకు ఇది ఉన్నది. కొట్టిన" అన్నాడు.

డబ్బా తెరిచాను. పట్టీలు మెడ దగ్గరే మొదలయ్యాయి. తోక వైపు మాసిపోయాయి. ముట్టె చదునుగా ఉంది. వెన్ను మీద పొలుసులన్నీ ఒకే తీరు. తోక కింద తిప్పి చూశాను, ప్రతి మెట్టూ రెండుగా చీలి ఉంది. తొందరపడలేదు. సిరిసిల్ల సంగతి గుర్తుంది కాబట్టి తల నుంచి తోక దాకా పూర్తి పామును చూశాను. సందేహమే లేదు.

"మల్లేశం, ఇది దొంగ కట్ల. విషం లేదు. నీ భార్యకేం కాదు" అన్నాను.

అతను సంతోషంతో భార్య దిక్కు తిరిగాడు. "ఇన్నవానే లచ్చవ్వ? ఏం కాదట" అన్నాడు.

లచ్చవ్వ బెంచీ మీద ఒత్తిగిలి ఉంది. "కడుపుల పిండినట్టు నొస్తున్నది సిస్టర్" అంది.

ఖాళీ కడుపుతో ఉన్నదేమో, భయపడ్డదేమో అనుకొని దగ్గరికి పోయాను. ఆమె నన్ను చూడటానికి తల వెనక్కి వంచింది. మామూలుగా కళ్లు పైకెత్తి చూస్తాం కదా, ఆమె గడ్డం ఎత్తింది. కనురెప్పలు సగానికి వాలి ఉన్నాయి. ఎత్తమంటే నుదురు ముడతలు పడింది కానీ రెప్పలు లేవలేదు. కట్లపాము విషం మొదట పట్టేది రెప్పలనే.

నా చేతిలో డబ్బా ఇంకా ఉంది. పాము పేరు నేను తప్పు చెప్పలేదు. అది దొంగ కట్లే. కానీ ఆమెను కరిచింది అది కాదు. కట్లపాము మిగతా పాములను పట్టి తింటుంది. ఈ దొంగ కట్ల వెంటపడి ఆ ఇంట్లోకి ఒక నిజం కట్ల కూడా వచ్చి ఉంటుంది. మల్లేశం దీపం వేసేసరికి కరిచినది పోయింది, పాపం లేనిది దొరికింది.

డ్యూటీ డాక్టరు స్వప్న, ఉద్యోగంలో కొత్త. పరుగున పోయి, "మేడం, పాము విషం లేనిది, కానీ పేషెంటుకు కట్లపాము కాటు" అన్నాను. ఆ అమ్మాయి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. లచ్చవ్వ రెప్పలు చూసి, "విరుగుడు ఎక్కించండి" అంది. ఉన్న సీసాలన్నీ కలిపి సెలైన్‌లో ఎక్కించాం. మల్లేశం నా దిక్కు చూస్తున్నాడు. "ఏం కాదంటివి గద సిస్టర్?"

"పాము గురించి చెప్పిన. మనిషిని చూడకముందే చెప్పిన. తప్పు నాదే" అన్నాను.

గంటలోపే లచ్చవ్వకు మింగుడు పడలేదు. తర్వాత మెడ నిలబడలేదు. ఛాతీ కదలడం తగ్గిపోయింది. డాక్టర్ స్వప్న గొంతులోకి గొట్టం వేసింది. దానికి తగిలించిన రబ్బరు సంచిని చేత్తో పిసికితేనే ఆమెకు ఊపిరి. అప్పట్లో మా దగ్గర ఊపిరి మిషన్ లేదు. కరీంనగర్ పోవాలి. ఆ రోజు దారి పొడుగునా రాస్తారోకో.

గంజు దించిన తొవ్వ

అంబులెన్స్ ఎక్కేటప్పుడు శిబిరంలోంచి ఖాజా భాయ్ పరుగెత్తుకొచ్చాడు. ఒక్క ముక్కలో చెప్పాను. ఆయన అప్పటికప్పుడు ఫోను తీశాడు. "నేను ముంగట స్కూటర్ మీద పోత. మీరు ఎన్కనే రాండ్రి" అన్నాడు. తెలుగులో కొందరికి, ఉర్దూలో కొందరికి ఫోన్లు చేస్తూనే స్కూటర్ స్టార్ట్ చేశాడు.

ఊరు దాటగానే మొదటి అడ్డంకి. రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యి, దాని మీద అన్నం ఉడుకుతున్న గంజు, అంటే పెద్ద వంట గిన్నె. ఖాజా భాయ్ అప్పటికే అక్కడ దిగి అరుస్తున్నాడు: "అంబులెన్స్‌కు తొవ్వ ఇయ్యాలె! ఆమె మన ముత్యంపేట బిడ్డ!" నలుగురు మగవాళ్లు తలపాగాలు విప్పి, వాటితో ఆ కాగుతున్న గంజును పట్టుకొని, పొగలు కక్కుతుండగానే పక్కకు దించారు. ఆడవాళ్లు మండుతున్న కట్టెలు లాగేశారు. మేము దాటుతుంటే వందమంది గొంతులు కలిసి "జై తెలంగాణ!" అన్నాయి.

జగిత్యాల దగ్గర ట్రాక్టరు అడ్డం పెట్టారు. తాళంచెవి ఉన్న మనిషి ఎటో పోయాడు. ముప్పై మంది చేతులు వేసి దాన్ని రోడ్డు కిందికి తోసేశారు. కిటికీలోంచి ఒక ముసలాయన చెయ్యి లోపలికి పెట్టి, "సల్లగుండు బిడ్డా" అని లచ్చవ్వ కాలు తాకాడు.

అంతసేపూ నేను సంచి పిసుకుతూనే ఉన్నాను. ఒత్తాలి, వదలాలి, రెండంకెలు లెక్కపెట్టాలి, మళ్లీ ఒత్తాలి. నా చెయ్యి తిమ్మిరెక్కితే ఇంకో చేత్తో. మల్లేశం పక్కన కూర్చొని అంకెలు లెక్కపెట్టాడు. ఒకచోట రోడ్డు మీద రాళ్లు తీసేదాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు నేను డ్రైవరుతో, "జల్ది పోనియ్ అన్నా, మనిషి మన చేతుల ఉండేటట్టు లేదు" అన్నాను. లచ్చవ్వ కళ్లు మూసుకొని, రాయిలాగా పడుకొని ఉంది. వెలుతురు వేసి చూస్తే కనుపాప కూడా కదల్లేదు.

కరీంనగర్‌లో ఆమెను మిషన్ మీద పెట్టాక నా చేతివేళ్లు ముడుచుకోలేదు. మల్లేశం నాకు చాయ్ గ్లాసు పట్టుకొని తాగించాడు. ఆ చాయ్‌తోనే క్షమించాడని అనుకున్నాను.

మర్నాడు ముత్యంపేటలో వాళ్ల ఇంట్లో ఆకు మూట కింద పెద్ద కట్లపాము కనబడిందని, దాన్ని పట్టి ఊరవతల వదిలారని తెలిసింది.

లచ్చవ్వ అడిగిన ప్రశ్న

ఐదో రోజు సెలవు పెట్టి చూడ్డానికి పోయాను. గొట్టం తీసేశారు. లచ్చవ్వ దిండ్లకు ఆనుకొని కూర్చొని ఉంది. కనురెప్పలు పూర్తిగా తెరుచుకున్నాయి, పెద్దపెద్ద కళ్లు. ఆమె కళ్లు అంత పెద్దవని నాకు అప్పటిదాకా తెలియదు. నన్ను చూసి బొంగురు గొంతుతో మొదట అడిగిన మాట:

"తెలంగాణ అచ్చిందా సిస్టర్?"

"ఇంకా రాలేదు లచ్చవ్వా."

"రాలేదా!" అని మల్లేశం దిక్కు కోపంగా చూసింది. "మరి గంత లొల్లేంది? తొవ్వ పొడుగూత జై తెలంగాణ అన్నరు. అచ్చిందనుకున్న. అందరు ఎగురుతున్నరు, నేనొక్కదాన్నే లేవలేకపోతున్న అని ఎంత ఏడుపచ్చిందో. కండ్లల్ల నీళ్లు కూడ రాకపాయె."

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే అర్థమైంది. ఆమె అంతా వింది. కట్లపాము విషం ఒంటిని కట్టేస్తుంది కానీ చెవులను కట్టెయ్యదు. రాయిలాగా పడున్న ఆ గంటలన్నీ ఆమె మెలకువగానే ఉంది.

"నేనన్నది కూడా ఇన్నవా?" అని అడిగాను.

"చేతుల ఉండేటట్టు లేదన్నవ్."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"అన్నవు గని, నీ చెయ్యైతే ఆగలే గద" అంది లచ్చవ్వ. "నువ్వు ఒత్తితె మోస ఆడుతున్నది, ఇడిస్తె ఆగుతున్నది. గీమె మాట ఇనాల్నా, చెయ్యి ఇనాల్నా అనుకున్న. చెయ్యే ఇన్న."

మల్లేశం పక్కకు తిరిగి ముఖం తుడుచుకున్నాడు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఇప్పుడు చేరేవాళ్లకు

పొలుసులు నేర్చుకోండి. వెన్ను మీది ఆరు మూలల వరుస, తోక కింది మెట్లు, పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ మాసిపోతుందో, అన్నీ నేర్చుకోండి. అది అందమైన విద్య. నాకు బోలెడు సంతోషం ఇచ్చింది. కానీ డబ్బా మూత తియ్యకముందు మనిషి ముఖం చూడండి. రెప్పలు చూడండి, మింగమని చెప్పి చూడండి, కడుపు నొప్పి అంటే తేలిగ్గా తీసుకోకండి. పాము విషం లేనిదైనా ఒకరోజు వార్డులో ఉంచండి. కదలకుండా పడుకున్న రోగి పక్కన, ఆ మనిషి వింటున్నాడనే లెక్కతోనే మాట్లాడండి. ఎవరు ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా, పామును గుర్తుపట్టేదాకా విరుగుడు సూది ఆపమంటే వినకండి. ఆ అనుభవం ఉన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

మొన్న ఎల్లారెడ్డిపేట వైపు ఒక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన, నా దగ్గర ఈ పాఠాలు నేర్చుకున్న అనిత అనే అమ్మాయి నా ఫోనుకు ఒక ఫొటో పంపింది. ప్లాస్టిక్ బకెట్లో పాము. మెడ దగ్గరే మొదలైన పట్టీలు, చదునైన ముట్టె. ఫొటోను పెద్దది చేసి ఎంత మురిసిపోయానో చెప్పలేను. అంతలోనే గాబరా పుట్టి వెంటనే ఫోన్ చేశాను.

"అనితా, అది దొంగ కట్ల. అయితే ముందు ఆ మనిషి..."

"కండ్లు చూసిన మేడం. మంచిగున్నయ్. మింగుతున్నడు. అయినా రేపటిదాక పొమ్మంటలేను, వార్డులనే ఉంచిన" అంది.

"మరి ఫొటో ఎందుకు పంపినవ్?"

"మీరు సంతోషపడతరని" అంది ఆ అమ్మాయి.